సగం లెక్క

యాసంగి వడ్లు దిగుతున్న రాత్రి.
మిర్యాలగూడ, అద్దంకి రోడ్డు, మిల్లు గేటు లోపల
కాంటా రూములో నా కుర్చీ.
ట్రాక్టరు కాంటా ఎక్కినప్పుడల్లా
కిటికీ అద్దం వణుకుతది.
బరువు రాస్త, చిట్టీ చింపిస్త,
మళ్ల నోట్సు తెరుస్త.
తెరిచినప్పుడల్లా పేజీ మీద ఊక బూడిద.
ఊదితే పోతది, తుడిస్తే మరకైతది,
మొదటి వారంలనే నేర్చుకున్న సంగతి.

లెక్క నాలుగు లైన్లే.
కదిలే బెల్టు మీద పైనుంచి ఇసుక పడుతున్నది,
సెకనుకు ఐదు కిలోలు.
బెల్టు వేగం సెకనుకు రెండు మీటర్లు.
వేగం తగ్గకుండ నడవాలంటే
మోటరు ఎంత పవరు పెట్టాలె?

నేను శక్తి దారిన పోయిన.
సగం ఎం వి స్క్వేర్.
పది వాట్లు.
పుస్తకం వెనక పేజీల ఇరవై.

మొదటి రాత్రి పుస్తకమే తప్పనుకున్న.
అచ్చుతప్పు లేని పుస్తకం
మా కాలేజీల ఎవరు చూసిన్రు?
రెండో రాత్రి ద్రవ్యవేగం దారిన పోయిన.
పదో తరగతి దాక దాని పేరదే,
ఇంటర్ల మొమెంటం అయింది,
కలల మాత్రం ఇప్పటికీ ద్రవ్యవేగమే వస్తది.
బలం పది న్యూటన్లు,
వేగంతోటి గుణిస్తే
ఇరవై.

రెండూ సక్కటి దార్లే.
రెండు వేరే ఊర్లకు పోయినయి.

మరి నడుమ పది యాడికి పోయినట్టు?
దామరచర్ల రైతు ఒకాయన
చిట్టీ లైటుకు పట్టి అదే అడిగిండు:
"తరుగు నాలుగు కిలోలు ఎట్ల తీస్తివి బిడ్డా?"
తాలు అన్న, తేమ అన్న.
సేటు చెప్పుమన్నదే చెప్పిన.
ఆయన నన్ను కాదు, కాంటాను చూసిండు.

జానయ్య సారు గెస్టు లెక్చరరు,
జీతం రాక ఐదు నెలలు.
చాయ్ గ్లాసు అడుగు చూసుకుంట అన్నడు:
"శంభూ, బెల్టు మీద కూసోని చూడురా."
ఎక్కిరిస్తుండు అనుకున్న.

మూడో రాత్రి, మూడింటికి, కరెంటు పోయింది.
మిల్లు ఊపిరి ఆపినట్టయింది.
అప్పుడు తెలిసింది
రాత్రంతా చెవుల ఎంత చప్పుడు మోస్తున్ననో.
ఫోను లైటు పట్టుకొని షెడ్డులకు పోయిన.
బీహారు రామ్‌ప్రీత్ ఆగిన బెల్టు మీద
అరచెయ్యి ఆనించి కూసున్నడు.
"గరం హై" అన్నడు.
నేనూ పెట్టి చూసిన, వెచ్చగనే ఉంది.
మోటరు వేడే కావొచ్చు.
పది వాట్లకు అరచెయ్యి కాలదని నాకూ తెలుసు.
కానీ చెయ్యి తియ్యబుద్ధి కాలే.

కరెంటు వచ్చింది. వడ్లు పడుడు మొదలైంది.
వంగి, మొకం దగ్గరికి పెట్టి చూసిన.
పడ్డ గింజ పడ్డంక వెంటనే బెల్టు కాదు.
ఎగురుతది, తడబడతది,
కింద పరుగు పోతుంటే ఎనక్కి జారుతది,
జారి జారి
అప్పుడు కలుస్తది.

సారు చెప్పినట్టు మనసుల బెల్టెక్కి కూసున్న.
షెడ్డు ఎనక్కి పోయింది, రామ్‌ప్రీత్ ఎనక్కి పోయిండు,
గింజ ఎనక్కి ఉరుకుతూ నా ముందట పడ్డది,
రెండు మీటర్ల వేగంతోటి.
రాసుకుంట రాసుకుంట ఆగింది.
ఆగుడంటే
ఉన్న ఉరుకుడంత వేడి అయిపోవుడు.
సరిగ్గా పది.
గరుకు బెల్టైతే దబ్బున ఆగుతది,
నున్నటిదైతే దూరం జారి ఆగుతది,
పది మాత్రం పదే, పైస తగ్గదు.

నాకు ఎవరికన్న చెప్పాలనిపించింది.
రామ్‌ప్రీత్‌కు తెలుగు రాదు,
నాకు హిందీల ఘర్షణను ఏమంటరో తెల్వదు.
బెల్టును చూపించిన,
నా అరచేతులు రెండు రుద్ది చూపించిన.
చలి పెడుతుందా అన్నట్టు
తన కండువ ఇచ్చిండు.

బయట హారను.
ట్రాక్టరు కాంటా మీద, రైతు కిటికీ కాడ,
తరుగు ఎంతని అడిగెటందుకు నోరు తెరిచి.
ఈ లెక్కకు ఏ పుస్తకం వెనకా పేజీ లేదు.
ఉరుక్కుంట వచ్చి చిట్టీ రాసిన.
ఆయన చూసి మళ్ల నాకే ఇచ్చిండు.
ఇరవై వాట్లు అని రాసి ఉంది.
కొట్టేసి పక్కన రాసిన:
ముప్పై రెండు క్వింటాళ్లు.